కాలరు మైకులో గుసగుస

బతికున్నన్నాళ్ళూ అతన్ని స్నేహితులు గుసగుస అనే పిలిచారు. ఆ పేరు యూనివర్సిటీలో చదివే రోజుల్లో, టీవీ క్విజ్ జట్టులో ఉన్నప్పుడు అంటుకుంది.

జట్టులో ముగ్గురు. లా చదివే అమ్మాయి కెప్టెన్. మెడిసిన్ కుర్రాణ్ణి డాక్టరనేవారు. మూడోవాడు ఇతను. ఇతనికి తెలియని సంగతి ఉండేది కాదు గానీ, నలుగురిలో నోరు పెగిలేది కాదు. అందుకని కెప్టెన్ ఒక పద్ధతి పెట్టింది. ఇతను చెవిలో ఊదాలి, ఆమె పైకి చెప్పాలి. క్యాంటీన్‌లో మూల బల్ల దగ్గర నెలల తరబడి అలాగే సాధన చేశారు. మొదటి రెండు రౌండ్లూ అలాగే గట్టెక్కారు.

అతని తల్లి బట్టలు కుట్టేది. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ కొడుకు టీవీలో వస్తున్నాడని చెప్పి, షాపులో అందరికీ చూపించింది. రెండు వారాలు చూశాక పక్క కొట్టు ఇస్త్రీ మామ ఊరుకోలేదు.

"ఏమ్మా, కుర్చీ ఖాళీగా కనిపిస్తే బాగుండదని మీవాణ్ణి కూర్చోబెట్టారా?"

ఆమె నవ్వేసింది. ఇంటికొచ్చాక మాత్రం కొడుకు దగ్గర బయటపడింది.

"ఒక్క ముక్క నీ నోటితో చెప్పు నాన్నా. తప్పయినా సరే. అందరూ నీ గొంతు వినాలి."

సరేనన్నాడు.

ఫైనల్లో ముగ్గురికీ మూడు బజర్లు. నొక్కినవాళ్ళే జవాబు చెప్పాలి. చివరి ప్రశ్న దాకా రెండు జట్లూ సమానం. ఏడాది కన్నా రోజే పొడవుగా ఉండే గ్రహం ఏదని యాంకరు అడిగాడు. తల్లి మాట తలుచుకుని, జన్మలో మొదటిసారి ఇతనే ముందు నొక్కాడు. దీపం వెలిగింది. హాలంతా ఇటే చూస్తోంది. ఇతను నిక్షేపంగా కెప్టెన్ వైపు వంగి, ఆమె చెవిలో చెప్పాడు.

కాలరుకి మైకుందన్న సంగతే మరిచాడు.

"శుక్రుడు. నువ్వు చెప్పవూ," అన్న గుసగుస హాలంతా మోగింది. జనం పడీ పడీ నవ్వారు. చెవిలో చెబితే చెల్లదంటూ యాంకరు ప్రశ్నను అవతలి జట్టుకిచ్చాడు. వాళ్ళు విన్న జవాబే చెప్పి కప్పు ఎగరేసుకుపోయారు. డాక్టరు మొహం మాడ్చుకున్నాడు. కెప్టెన్ మాత్రం, అంతలా అలవాటు చేసింది తనే కాబట్టి తప్పు తనదేనంది.

అది టీవీలో వచ్చిన సాయంత్రం షాపు నిండా జనం. ఇతను గుడ్డల మూట వెనక నక్కాడు. గుసగుస వినబడగానే అందరూ గొల్లుమన్నారు. తల్లి నవ్వలేదు. మిషను ఆపి వెనక్కి తిరిగింది.

"ఇన్నాళ్ళూ ఆ పిల్ల చెప్పినవన్నీ నీవేనా?"

"అన్నీ కాదమ్మా. కొన్ని డాక్టరువి."

"నీవేవి?"

అతను మూట వెనక నుంచి లేచాడు. ఒక నది పేరు, ఒక రాజు పేరు, ఏదో లోహం, ఏదో ద్వీపం... తల్లి ప్రతిదానికీ "ఇంకా?" అంటుంటే, అంతమందిలోనూ పైకే చెప్పుకుంటూ పోయాడు. మధ్యలో ఇస్త్రీ మామ ఒకటి రెండు తనకీ తెలుసునన్నాడు గానీ, ఎవరూ పట్టించుకోలేదు.