పగులుగుండు బొమ్మ

నరహరి చూడని జంతువును గీయడు. నకిరేకల్ చుట్టుపక్కల బడుల్లో పనిచేసే పంతుళ్లందరికీ ఈ సంగతి తెలుసు. గోడ మీద పులిని వేయమంటే, "పులిని నేను చూడలే సార్, నక్కనైతే గీస్త" అంటాడు. పులి అడిగితే నక్కను ఇచ్చే మనిషితో మనకేం పని అని విసుక్కుని వేరేవాళ్లను పిలిపించుకున్న బడులూ ఉన్నాయి. నరహరి ఏమీ అనుకోడు. రంగుల డబ్బాలు బండికి కట్టుకుని ఇంటికి పోతాడు.

పుట్టింది పద్మశాలి ఇంట్లో. తండ్రి దశరథ మగ్గం మీద కంటే గళ్ల కాగితం ముందే ఎక్కువ కూర్చునేవాడు. చీర మీదికి చిలక రావాలంటే ముందు ఆ కాగితం మీద గీసి, ఏ గడికి ఏ రంగో గుర్తు పెట్టాలి. దాన్ని చూసే నూలుకు ముడులు కట్టి రంగులో ముంచుతారు. "ఒక్క గడి తప్పినవనుకో, చిలుకకు మూతి వంకర పోతది బిడ్డా" అని కొడుకు వేళ్ల మీద స్కేలుతో కొట్టేవాడు. నరహరి మగ్గం ఎక్కలేదు గానీ ఆ గళ్లు మాత్రం అతన్ని వదల్లేదు. దుకాణాలకు బోర్డులు రాశాడు, ఎన్నికలొస్తే గోడలు రాశాడు. తెలంగాణ వచ్చేనాటికి ఊరూరా ఫ్లెక్సీలు దిగి బోర్డులు రాసేవాళ్ల నోట్లో మన్ను కొట్టాయి. సరిగ్గా అప్పుడే అటవీశాఖ వాళ్లు బడి గోడల మీద అడవి జంతువుల బొమ్మలు వేయించడం మొదలుపెట్టారు. నలభై రెండేళ్ల వయసులో నరహరికి అలా కొత్త బతుకు దొరికింది.

మొదటి తోడేలును క్యాలెండర్ చూసి గీశాడు. సొంత ఊరి బడి గోడ అది. గొర్రెలు తోలుకుపోతున్న కురుమ ఐలేశం ఆగి, గొంగడి సర్దుకుని, చాలాసేపు చూశాడు.

"గిదేంది నర్హరీ?"

"తోడేలు గదన్నా."

"మా పాలోల్ల ఎంకన్న కుక్క లెక్కున్నది. తోడేలు నడుస్తాంటె తల భుజాల కంటె కిందికుంటది. నువ్వేమో దొర లెక్క తల లేపి నిలవెట్టినవ్."

నరహరికి సిగ్గయింది. కుంచె కింద పెట్టి, "అయితే సూపెట్టన్నా" అన్నాడు. ఐలేశం గొర్రెల్ని అదిలించుకుంటూ పోయాడు.

ఊరికి పడమటి గుట్టలో ఒక తోడేళ్ల జంట ఉందని ఐలేశానికి పదేళ్లుగా తెలుసు. భార్య సుక్కమ్మకు కూడా చెప్పలేదు. ఏటా ఒకటో రెండో గొర్రెపిల్లలు పోతుంటాయి. మందలో తోడేలు వాటా తోడేలుదేనని అతని తండ్రి నేర్పాడు. కొందరు కాపరులు అలా అనుకోరు. బొరియ కనబడితే నోటికి తాటాకు కుక్కి, మిరపకాయలు వేసి పొగ పెడతారు. అందుకే ఐలేశం నోరు మూసుకున్నాడు. మూడు రోజులు ఆలోచించి నాలుగో రోజు తెల్లవారుజామున వచ్చి నరహరి తలుపు కొట్టాడు.

"ఎవ్వలకు చెప్పద్దు."

"నా నోట్లకెల్లి మాట రాదన్నా."

ఆ మాట నరహరి నిలబెట్టుకున్నాడు. అతని నోటి నుంచి ఒక్క ముక్క బయటికి రాలేదు.

ఇరవై రెండు రోజులు గుట్ట ఎదుటి పొదలో పడుకుని చూశాడు. మధ్యలో నిలువునా చీలిన పెద్ద గుండు, దాని కింద బొరియ, మూతి బయటపెట్టి ఎండకు కళ్లు చికిలించే మూడు పిల్లలు. గళ్ల కాగితం మీద అన్నీ దించుకున్నాడు. పాత బొమ్మ మీద సున్నం కొట్టి కొత్తది మొదలుపెట్టాడు. తోడేలు తల భుజాల కిందికే ఉంది. పిల్లల పొట్టల కింద దుమ్ము కూడా ఉంది. పగిలిన గుండు ఉంది, ఎడమకు ఒరిగిన రేలచెట్టు ఉంది, వెనక పిడుగు పడి తల పోయిన మొండి తాటిచెట్టు ఉంది. ఎక్కడా గడి తప్పలేదు. ఊరంతా వచ్చి చూసింది. తండ్రి బతికుంటే భుజం తట్టేవాడని భార్య వసంతలక్ష్మితో చెప్పుకుని నరహరి ఆ రోజు కంటతడి పెట్టాడు.

అంత చూపున్నవాడికి ఆ ఒక్క సంగతి ఎందుకు తట్టలేదని నాకిప్పటికీ కోపం వస్తుంది. తట్టలేదు, అంతే. ఉన్నది ఉన్నట్టు గీయడమే అతనికి నేర్పిన నీతి.

ఆ నెలలోనే ఐదు గొర్రెపిల్లల్ని పోగొట్టుకున్న ఐలేశం దాయాది వెంకన్న బడి గోడ ముందు నిలబడ్డాడు. తోడేళ్లను అతను పెద్దగా చూడలేదు, మొండి తాటిచెట్టును చూశాడు. ఆ చెట్టు గుట్టకు ఏ పక్కనుందో చిన్నప్పటి నుంచీ తెలిసినవాడే. మరునాడు పొద్దున గుట్ట మీద పొగ లేచింది.

ఐలేశం నరహరి గడప దాకా వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"నీ నోరు చెప్పలే నర్హరీ. నీ చెయ్యి చెప్పింది."

అంతే, వెనుదిరిగాడు. ఏడేళ్లు మళ్లీ మాట్లాడలేదు. ఎదురుపడితే గొర్రెల్ని అదిలిస్తున్నట్టు పక్కకు తిరిగేవాడు.

నరహరి తన బొమ్మ మీద తనే సున్నం కొట్టాడు. ఆ రోజు నుంచి ఏ జంతువును గీసినా వెనక రాయి గీయలేదు, చెట్టు గీయలేదు. తెల్లటి సున్నం మీద కృష్ణజింక, నక్క, ముళ్లపంది. "గాలిల నిలవెట్టినట్టున్నయి గదయ్యా" అని వసంతలక్ష్మి బాధపడేది. హైదరాబాద్‌లో ప్రదర్శన పెడతామని వచ్చినవాళ్లు వెనక కొంచెం అడవి వేయమని బతిమాలారు. వేయనన్నాడు. వాళ్లు పోయారు. మందల చుట్టూ ముళ్లకంపను ఎలా గట్టిగా వేసుకోవాలో కాపరుల గూడేలకు తిరిగి చెప్పాడు. తోడేలు గొర్రెను ఎత్తుకుపోతే నష్టపరిహారం కోసం దరఖాస్తులు రాసిపెట్టాడు. వెంకన్నకు కూడా రాసిపెట్టాడు, అతని ముఖం చూడకుండా. ఐదో ఏట గుట్ట మీద మళ్లీ అడుగుజాడలు కనిపించాయి. కొత్త జంట, అదే బొరియ. నరహరి ఇంటికొచ్చి, వాటిని గీసిన కాగితాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు.

పోయినేడు ఆ గుట్టను గ్రానైట్ కోసం పేల్చడానికి ఒక కంపెనీ దరఖాస్తు పెట్టింది. ఊళ్లో షామియానా వేసి ప్రజల అభిప్రాయం అడిగారు. గుట్ట మీద అడవి జంతువుల జాడే లేదని కంపెనీ నివేదిక చదివారు. నరహరి లేచి తన బొమ్మను బల్ల మీద పరిచాడు. తెల్లటి కాగితం మీద రెండు తోడేళ్లు.

"బొమ్మ చాలా బాగుంది. కానీ ఇది ఈ గుట్టేనని ఎలా నమ్మాలి? వెనక ఏమీ లేదు కదా" అన్నాడు అధికారి. అడగవలసిన మాటే అడిగాడు.

నరహరి చేతిలో పెన్సిలుంది. గీస్తే గుట్ట నిలవచ్చు, అవి ఉండేది అదే బొరియలోనని మాత్రం ఊరందరికీ తెలుస్తుంది. గీయకపోతే రాయితో పాటు అన్నీ పోతాయి. ముందు వరుసలో కూర్చున్న ఐలేశం వైపు చూశాడు.

ఐలేశం కర్ర పట్టుకుని లేచాడు.

"రాయి గియ్యి నర్హరీ."

ఏడేళ్ల తర్వాత మొదటి మాట. నరహరి గీశాడు. గుండు, చీలిక, రేలచెట్టు, మొండి తాడి. కన్నీళ్లు కాగితం మీద పడకుండా ముఖం పక్కకు పెట్టుకుని గీశాడు.

"ఇది మీ ఊహ కాదని ఏమిటి రుజువు?" అన్నాడు కంపెనీ మనిషి.

అప్పుడు వెనక వరుసలోంచి వెంకన్న లేచాడు. "గా గుండే సార్. దాని కింద బొక్కున్నది. ఏడేండ్ల కింద పొగ వెట్టింది నేనే. పిల్లలు సచ్చినయి. మల్ల వేరేటియి వచ్చినయి. మొన్న గూడ నా గొర్రెను వట్టుకపోయినయి. జాడ లేదని ఎవడు రాసిండు?"

గుట్ట పోతే మేత పోతుందనే భయంతో లేచాడని ఊళ్లో కొందరంటారు. కావచ్చు. పక్కనే అటవీ అధికారి కూర్చుని రాసుకుంటున్నాడని మాత్రం వెంకన్నకు తెలుసు.

మళ్లీ సర్వే చేయమని కంపెనీ కాగితాలు వెనక్కి పంపారు. తోడేలు పిల్లల్ని చంపినందుకు వెంకన్న మీద కేసైంది. ప్రతి వాయిదాకూ నల్లగొండ కోర్టుకు పోవాలి. నరహరి తోడు పోతాడు, ఎవరూ అడక్కుండానే.

మొన్నటి వాయిదా రోజున వరండాలో పిలుపు కోసం కూర్చున్నారు. నరహరి సంచిలోంచి ఆనాటి గళ్ల కాగితం తీసి వెంకన్న చేతిలో పెట్టాడు. వెంకన్న చాలాసేపు చూశాడు. పిల్లల మీద వేలు పెట్టి లెక్కబెట్టాడు.

"మూడే గీసినవేందన్నా?"

"మూడే చూసిన."

"నాలుగుండె. ఒకటి ఎన్నడు బయటకు రాలేదు గావచ్చు. ముందుకాలు వంకరుండె దానిది."

నరహరి పెన్సిలు తీసి, కాగితాన్ని మోకాలి మీద సరిచేసుకున్నాడు.

"ఎట్లుండెనో చెప్పు, ఎంకన్నా."

వెంకన్న చెప్పాడు. చెవులు ఎంతుండెనో, ఏ కాలు వంకరో, ఏ పక్కకు ఒరిగి పడుండెనో. నరహరి గడి గడికీ ఆగి, అడిగి తెలుసుకుంటూ, తను చూడని పిల్లను గీశాడు.