నేలకి ఇన్సూరెన్స్

జపాన్ నుంచి నాట్యం నేర్చుకోవడానికి వచ్చి కూచిపూడిలోనే ఉండిపోయింది ఆ అమ్మాయి. తొక్కబోతున్నందుకు క్షమించమని నాట్యానికి ముందు నేలను తాకి కళ్ళకద్దుకోవడం ఆ ఊళ్ళో మామూలే. ఆమె అలా వంగినప్పుడు మాత్రం నిజంగానే ఎవరినో బతిమాలుతున్నట్టుండేది.

విజయవాడ వెళ్ళి పిల్లలకు పాఠాలు చెప్పాలని ఒక పాత కారు కొనుక్కుంది. ఇన్సూరెన్స్ ఏజెంటును కదా, నన్ను పిలిచారు.

"మీకేమైనా అయితే డబ్బు ఎవరికివ్వాలండీ? ఇక్కడ మీవాళ్ళెవరు?" అని మామూలుగానే అడిగాను. ఆమె తల వంచుకుంది.

కారు చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్న ఇంటి ఓనరు మామ్మగారు నడుం పట్టుకుని లేచారు. "నా పేరు రాయించు తల్లీ. నాకన్నా ముందు నువ్వెక్కడికి పోతావులే."

ఆమె కళ్ళు తుడుచుకుంది. మాట మార్చాలని, "ఈ కారు ఎవరికి తగిలినా కంపెనీ చూసుకుంటుందండీ" అన్నాను ధీమాగా.

"మరి నేలకండీ?"

నవ్వబోయి ఆగిపోయాను. అప్పటికే ఆమె చెప్పులు విడిచి, టైరు ముందు వంగి, నేలను తాకి కళ్ళకద్దుకుంటోంది.

నిద్రపోతున్న పసిబిడ్డ పక్కనుంచి తల్లి లేచి వెళ్ళినంత మెల్లగా కదిలింది కారు. నిమ్మకాయలు చితికిన చప్పుడైనా వినపడలేదు.