గోడ మీది విత్తనాల పిడక

ముందే చెప్పేస్తున్నాను, తరవాత మాటలు పడటం నా వల్ల కాదు: ఉన్నదాన్ని రెండింతలు చేసి చెప్పడం నాకు అలవాటు. మా ఇంట్లో నేనేం చెప్పినా సగానికి తగ్గించి వింటారు. మా ఆవిడైతే ఆ మిగిలిన సగాన్ని కూడా పక్కింటివాళ్ళను అడిగి రూఢి చేసుకుంటుంది. కాబట్టి మొన్న పొద్దున పక్క మేడ మీద నుంచి వచ్చిన టమాటా ఆకు వాసనకు గుంటూరులో మా వీధి వీధంతా నిద్ర లేచిందని నేనంటే, లేచింది నేనొక్కణ్ణేనని మీరు సర్దుకోవాలి. కాకపోతే లేవడం మాత్రం అసూయతోనే లేచాను. దాన్ని తగ్గించి వినకండి.

పక్క మేడ ఆయన రిటైరైన ఇంజనీరు. ఉద్యోగంలో ఎన్ని వంతెనలు కట్టాడో తెలియదుగానీ, ఆరు తొట్లలో ఆయన కట్టిన టమాటా పందిరి మీద లారీ నడపొచ్చు. ఒక్కో గుత్తికి పదేసి కాయలు, ఒక్కోటీ సైకిలు బెల్లంత, తుడిచి పెట్టినట్టు నున్నగా, ఎర్రగా. పొద్దున్నే ఆయన వాటి మధ్య నిలబడి కాఫీ తాగుతుంటే నాకు నా కాఫీ చేదెక్కిపోతోంది. ఆ బాధ పడలేక ఐదు ఖాళీ తొట్లు కొనుక్కొచ్చి, పెదకాకాని రోడ్డులో ఉన్న నర్సరీకి వెళ్ళాను.

నర్సరీ అబ్బాయి పెళ్ళిళ్ళ పేరయ్యలా ఒక్కో నారుమొక్కనీ పరిచయం చేశాడు. "ఇది గుబురుగా పెరిగే రకం సార్, తొట్టికి సరిపోద్ది. ఇది పాకేది, కర్ర పాతాలి, కాపు మాత్రం ఆర్నెల్లు ఉంటది. ఇది చెర్రీ. పిల్లలు ద్రాక్షపళ్ళలాగా నోట్లో వేసుకుంటారు. ఇదేమో తెగుళ్ళు తట్టుకునేది."

"గీతలవి ఉన్నాయా?" అన్నాను.

"గీతలవేంది సార్?"

"గుమ్మడికాయని పిడికిట్లో పట్టేంత చేస్తే ఎట్టుంటది, అట్టాంటివి. బాగా పులుపు."

"అవి ఇప్పుడెవరు పెడతన్నారు సార్? చూట్టానికి బాగోవు. పెట్టెలో పెడితే పగులుతై," అని ఆ అబ్బాయి నా వైపు జాలిగా చూశాడు. దగ్గరున్న మొక్క ఆకొకటి నలిపి వాసన చూశాను. అంతే, పచ్చిగా, ఘాటుగా, వేళ్ళకు పసుపు అంటించే ఆ వాసన నన్ను చెవి పట్టుకుని పర్చూరు అవతలున్న మా ఊరికి, నా పదో ఏటికి ఈడ్చుకుపోయింది.

మా ఊరిది నల్లరేగడి నేల. వానాకాలంలో ఆ మట్టి చెప్పుల్ని మింగేది, ఎండాకాలంలో నెర్రెలిచ్చి మా గోలీల్ని మింగేది. ఇప్పుడు తవ్వితే నావే ఓ బస్తాడు గోలీలు దొరుకుతాయి. చలికాలం చివర మిరపకాయలు కల్లాల్లో ఎండుతుంటే, గాలి అటు తిరిగిన రోజున బళ్ళో పంతులు నుంచి పలక పట్టుకున్న పిల్లాడి దాకా అందరం వరసగా తుమ్మేవాళ్ళం. పత్తి బండ్లు పోయిన దారి పొడుగునా తుమ్మకంపలకు దూది చిక్కుకుని, ముళ్ళచెట్లు కూడా తలనెరిసినట్టు కనిపించేవి. ఆ రోజుల్లోనే మా పెరట్లో మా నాయనమ్మ రామములక్కాయలు కాసేవి. టమాటాను ఆమె ఏనాడూ టమాటా అనలేదు.

చూడటానికి అందం లేని కాయ. చుట్టూ గీతలు, తొడిమ దగ్గర గుంట, ఓ పక్క ఎరుపు, ఓ పక్క పచ్చ. కానీ దాని పులుపు! ఒక్క కాయ కందిపప్పులో పడితే వీధి చివర సైకిలు మీద పోయేవాడు కాలు నేలకానించి ఆగేవాడు. వాడరేవు నుంచి చేపలామె గంపతో తెచ్చే ఎండు మెత్తళ్ళలో నాలుగు కాయలు వేసి నాయనమ్మ కూర వండిందంటే, మా తాత చుట్ట ఆర్పేసి పిలవకుండానే పీట మీదికొచ్చేవాడు. చుట్ట ఆర్పడమంటే ఆయన లెక్కలో తపస్సు మానుకోవడం. చివరి కాపులో బాగా పండిన కాయల్ని నాయనమ్మ పిసికి, గింజల్ని బూడిదలో కలిపి ఆరబెట్టి, పేడలో పెట్టి పిడకలా చేసి, దొడ్డి గోడకు ఎత్తులో కొట్టేది. వానాకాలం వెళ్ళేదాకా అవి పురుగు పట్టకుండా అక్కడే ఉండేవి. పొయ్యిలోకి వెళ్ళే పిడకలు కింద వరస, విత్తనాల పిడక పై వరస. మా ఇంట్లో ఎవరు ఏది మరిచినా ఆ వరసలు మరవకూడదు.

అంతా బాగానే ఉండగా మా బడికి సువార్తమ్మ టీచరుగారు వచ్చారు. బడి పక్కన, మా దొడ్డి గోడకు ఆనుకుని ఉన్న రెండు గదుల ఇంట్లో దిగి, మంచమంత జాగాలో పది టమాటా మొక్కలు నాటారు. మూడు నెలలకు కాసిన ఆ కాయల్ని చూడటానికి మా ఊరే కాదు, సింగరాయకొండ నుంచి కూడా జనం బండ్లు కట్టుకొచ్చారు. సరే, సింగరాయకొండ తీసేయండి. మా ఊరు మాత్రం వచ్చింది. ఒక్క గీత లేదు, ఒక్క మచ్చ లేదు, అన్నీ ఒకే సైజు. అడిగిన ప్రతివాళ్ళకీ ఆమె నారు పంచారు. అడగనిది మా నాయనమ్మ ఒక్కతే. "కాయంటే గుండ్రంగా ఉండాలా ఏంది? బంతాట ఆడతామా?" అనేది, గోడ పక్కన ముక్కాలిపీట వేసుకుని తొంగి చూస్తూనే.

నాకు వేరే మంట ఉంది. క్లాసులో లెక్కలన్నీ ఒప్పు చేసినవాడికి టీచరుగారు ఒక టమాటా ఇచ్చేవారు. ఏడాది పొడుగునా నాకొక్కటి రాలేదు. పక్కన కూర్చున్నవాడు ఉప్పు అద్దుకుని అది కొరుకుతుంటే, వాడి మోచేతి దాకా కారే రసం చూస్తూ నేను ఎన్ని పలకలు పగలగొట్టానో!

పైగా ఆమె చేసే ఒక పని ఊళ్ళో గుప్పుమంది. మొక్కల్ని ముట్టుకునే ముందు ఆమె ఉగ్గుగిన్నెడు పాలలో నీళ్ళు కలిపి చేతులు కడుక్కునేవారు. గోడ మీద నుంచి కళ్ళారా చూసింది నేనే, ఊరంతా చాటిందీ నేనే. ఉగ్గుగిన్నె రామాలయం అరుగు దగ్గరికి చేరేసరికి చెంబైంది, చెరువుగట్టు దాటేసరికి బిందెడైంది. "పాలతో చేతులు కడుక్కునే మనిషిని నా జన్మలో చూళ్ళేదమ్మా," అని నాయనమ్మ బుగ్గన వేలేసుకుంది. ఆ సాయంత్రమే నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది: "ఒరేయ్, పండింది ఒక్కటి పట్టుకురా. కాయ కోసం కాదురా, గింజ కోసం."

దొంగిలించాను. గింజలు మొలిచాయి. నాయనమ్మ తన గీతల మొక్కలన్నీ పీకేసి, జాగా అంతా ఆ నున్న రకానికే ఇచ్చింది. ఊళ్ళో మిగతావాళ్ళు అప్పటికే ఆ పని చేశారు. గీతల కాయకు ఊరు మొత్తం మీద మిగిలింది మా గోడకున్న ఒక్క పిడక.

ఇక్కడ మా తాత రంగంలోకి దిగాడు. పొగాకు పండించడంలో ఆయన్ని మించినవాడు లేడు. పొగాకు మొక్క పూతకొస్తే తల తుంచుతారు, పిలకలు గిల్లుతారు, బలమంతా ఆకుకు పట్టాలని. నాయనమ్మ మీద ప్రేమకొద్దీ ఆయన రోజూ పొద్దున్నే పొగాకు ఆరబెట్టే బేరన్ నుంచి జిగట చేతులతోనే వచ్చి, ప్రతి టమాటా మొక్కకీ తల తుంచి, పిలకలు గిల్లి, మురిపెంగా ఆకులు నిమిరి వెళ్ళాడు. నెల తిరిగేసరికి ఆకులు చాటలంత అయ్యాయి. కాయ ఒక్కటి లేదు. తరవాత ఆ ఆకులు కూడా పచ్చా పసుపూ మచ్చలు తేలి ముడుచుకున్నాయి.

"తల తుంచితే ఆకు మందం వచ్చుద్దే," అన్నాడు తాత.

"ఆకెవడిక్కావాలయ్యా! చుట్ట చుడతావా ఏంది?" అంది నాయనమ్మ, దాదాపు ఏడుస్తూ.

గోడ అవతల టీచరుగారికి నవ్వాగలేదు. గోడ చుట్టూ తిరిగి మా దొడ్లోకే వచ్చి, ఒక ఆకు తిప్పి చూశారు. "ఇవి మావేనండీ మామ్మగారూ," అన్నారు మెల్లగా. నేను గడ్డివాము వెనక్కి పోయాను. "ఒక్కమాట అడిగితే దోసెడు నారు ఇచ్చేదాన్ని కదండీ. పొగాకు చేత్తో ముట్టుకుంటే వీటికి తెగులొస్తుందండీ. మా నాన్న మిషన్ కాంపౌండులో తోటమాలి. పాలతో చేతులు కడుక్కోనిదే మమ్మల్ని మొక్క దగ్గరికి రానిచ్చేవాడు కాదు."

నాయనమ్మ తలెత్తలేదు. అప్పుడు టీచరుగారే మళ్ళీ అన్నారు: "నిజం చెప్పమంటారా? మా కాయలు చూట్టానికే. పప్పులో వేస్తే వట్టి నీళ్ళు. మీ ఇంట్లో పప్పు ఉడికే వాసనకి గోడ ఇవతల నేను ఏడాదిగా కుళ్ళుకుంటన్నానండీ. మీ గీతల కాయ విత్తనాలు నాలుగు పెట్టండి."

నాయనమ్మ ముఖం ఎంత వెలిగిందంటే, ఆ సాయంత్రం మా ఇంట్లో దీపం పెట్టలేదు. "అయ్యో, నాలుగెందుకమ్మాయ్, పిడక పిడకే ఇస్తా," అంది.

కానీ ఆ పిడక టీచరుగారికి చేరలేదు. నాయనమ్మకు చూపు ఆనక, ఓ చలి పొద్దున పై వరసా కింద వరసా తికమకపడి, దాన్ని నీళ్ళపొయ్యిలో పెట్టేసింది. ఆ మాట ఆమే స్వయంగా గోడ దగ్గర నిలబడి టీచరుగారికి చెప్పింది. ఆ వేసవిలో టీచరుగారికి బదిలీ అయింది. గీతల కాయ మళ్ళీ మా ఊళ్ళో కాయలేదు.

ఇప్పుడా ఊళ్ళో కల్లాలు అలాగే ఉన్నాయి, మిరపకాయలకు తుమ్మేవాళ్ళూ ఉన్నారు. పొగాకు బేరన్లు చాలావరకు కూలిపోయాయి. దొడ్డి గోడ పోయి ప్రహరీ వచ్చింది, దాని మీద పిడక నిలవదు. నర్సరీలో చివరికి గుబురు రకం రెండు, పాకేది రెండు, చెర్రీ ఒకటి తెచ్చుకుని, ఉగ్గుగిన్నెడు పాలతో చేతులు కడుక్కుని మరీ నాటాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, పక్కింటి ఇంజనీరు తన మేడ మీద నిలబడి, ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని చూశారు. కాయలు బాగానే వస్తాయి. పప్పులో పులుపుకి మాత్రం చింతపండు వేసుకోవాలి.

ఇక ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలి కదా. బండ్లు, బిందె, దీపం, అవన్నీ మీరు అప్పుడే తగ్గించుకుని ఉంటారు. కల్పించింది నాయనమ్మ చూపు. ఎనభయ్యో ఏట కూడా ఆమె దీపం వెలుగులో సూదిలో దారం ఎక్కించింది. ఆ పొద్దున ఆమె పిడకను గోడ నుంచి పదిలంగా ఊడదీసి, అరిటాకులో చుట్టి, "టీచరమ్మకి ఇచ్చి రా నాయనా," అని నా చేతిలో పెట్టింది. నున్న కాయలూ ఆమెకే, పాలూ ఆమెకే, ఇక మా పులుపు కూడానా అనుకుంటూ దొడ్డిదారిన నడిచాను. దారిలో నీళ్ళపొయ్యి మండుతోంది. ఖాళీ చేతులతో వెనక్కి తిరిగేసరికి నాయనమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళి, "నా కళ్ళు మండ, చూపాన్లేదు టీచరమ్మా," అంది.

కాబట్టి ఆ కల్పన కూడా నాది కాదు. ఆమెది.