బాపు ఆడిన విమానం ఆట

మొన్న మా బడికి కొత్త సైన్సు పటాలు వచ్చాయి. చుట్ట విప్పగానే, నున్నటి మందపాటి కాగితం మీది రంగుల వాసన, కొంచెం కిరసనాయిలులా, కొంచెం కొత్త రబ్బరు చెప్పుల్లా, గుప్పున ముక్కుకు తగిలింది. "టీచర్, ఏమైంది?" అని పిల్లలు అడిగేదాకా ఆ పటం పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. నా మట్టుకు అది పటాల వాసన కాదు. చిన్నప్పుడు గోదావరిఖనిలో, మా క్వార్టరులో, బియ్యం డబ్బా మీద పేర్చి ఉండే ఇంగ్లీషు వీడియో గేమ్ పత్రికల వాసన.

మా బొగ్గుగని కాలనీలో ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. తెల్లవారకముందే ప్రతి వాకిట్లో బొగ్గు పొయ్యి రాజేసేవాళ్లు. ఆ తెల్లటి పొగలోంచే సైరన్ కూత, డ్యూటీకి పోయేవాళ్ల సైకిళ్ల గంటలు, పాలవాడి కేకలు వినిపించేవి, మనుషులు మాత్రం కనిపించేవాళ్లు కాదు. ఎండాకాలం రాత్రుళ్లు నులక మంచాలన్నీ వాకిట్లోకి వచ్చేవి, వానాకాలం సాయంత్రాలు సందు సందంతా మక్క గారెల వాసన కొట్టేది, బతుకమ్మ రోజులొస్తే ఆడపిల్లలమంతా రైలు కట్ట పొడుగునా గునుగుపూలు తెంపుకుంటూ ఎంత దూరం పోయేవాళ్లమో మాకే తెలిసేది కాదు. మగపిల్లలు చిర్రగోనె ఆడుతుంటే మేము అరుగుల మీద కచ్చకాయలు, ఓనగుంతలు ఆడేవాళ్లం. ఉతికి ఆరేసిన తెల్ల చొక్కా మీద సాయంత్రానికల్లా నల్లటి నలుసులు పడేవి. మా అవ్వ, అదే, మా అమ్మ, వాటిని దులపకుండా నోటితో ఊదేది. దులిపితే మరక అంటుకుంటుందని ఆమె లెక్క.

ఆ దసరాకు అవ్వ తమ్ముడు సమ్మయ్య మామ మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు. సెంటు సీసాలు, దుప్పట్లు, సబ్బులు అన్నీ పంచాక, పెట్టె అడుగు నుంచి వీడియో గేములు ఆడే ఒక నల్లటి యంత్రాన్ని తీసి మా బ్లాక్ అండ్ వైట్ టీవీ పక్కన పెట్టాడు. దానికి పొడవాటి తీగ, ఆ తీగ చివర రెండు చేతులతో పట్టుకునే మీటల పెట్టె. దాని చుట్టూ పగలకుండా లావుపాటి పుస్తకాలు కుక్కి తెచ్చాడు.

"దుకాణంల అగ్గువకిచ్చిండ్రు బిడ్డా. పుస్తకాలు మా ఆఫీసుల పాతయి. నడుమ పెట్టుకొచ్చిన గంతే, పారెయ్ అవతల," అన్నాడు మామ.

నేను పారెయ్యలేదు. గేమ్ ఒక్కటే ఉంది, ఆ పుస్తకాల్లో మాత్రం వందల గేములు ఉన్నాయి. పక్క క్వార్టరు మేరీ నా జతగత్తె. వాళ్ల నాన్న గని ఆఫీసులో క్లర్కు కాబట్టి వాళ్లింట్లో ఇంగ్లీషు నిఘంటువు ఉండేది. బడి నుంచి రాగానే ఇద్దరం మంచం కింద చల్లటి గచ్చు మీద బోర్లా పడుకుని, ఒక్కో మాటకూ అర్థం వెతుక్కుంటూ చదివేవాళ్లం. ఏ ఆటకు ఎన్ని మార్కులు, ఏ గోడ వెనక నిధి ఉంది, ఏ మీటలు ఏ వరుసలో నొక్కితే చావులేని ప్రాణం వస్తుంది, అన్నీ అందులో రాసి ఉండేవి. మేమెప్పుడూ చూడబోని ఆటల రహస్యాలు మాకు కంఠతా వచ్చేవి. అంతకంటే వింత, అట్లాంటి యంత్రాల ప్రకటనలు. ఒక సంచికలో రెండు పేజీల నిండా కొత్త యంత్రం బొమ్మ, ఇక ప్రపంచమంతా దీనిదే అన్నట్టు రాతలు. రెండు మూడు సంచికలు దాటితే దాని ఊసే ఉండదు. కళ్లకు అద్దాల్లా తగిలించుకునేదొకటి, టెలిఫోను లాంటిదొకటి, అన్నీ అట్లాగే వచ్చి అట్లాగే పోయాయి.

మాకున్న ఒక్క ఆటలో చిన్న విమానం కొండల నడుమ ఎగరాలి. ఎడమ బొటనవేలితో దారి మళ్లించాలి, కుడి బొటనవేలితో మీటను నొక్కుతూనే ఉండాలి. వదిలితే విమానం కిందికి జారిపోతుంది. కాలనీ పిల్లలంతా మా ఇంట్లోనే ఉండేవాళ్లు. మా బాపు, అంటే మా నాన్న, మాత్రం గనిలో డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, అన్నం తిని, ఆ చప్పుడులోనే గోడవైపు తిరిగి నిద్రపోయేవాడు.

ఎండాకాలం మొదట్లో బాపుకు దెబ్బ తగిలింది. మా బాపు రాజయ్యది గని లోపల టబ్బుల్లో, అంటే పట్టాల మీద నడిచే ఇనుప బండ్లలో, బొగ్గు నింపే పని. కదిలిన టబ్బుకూ గోడకూ నడుమ కుడిచెయ్యి పడి నలిగింది. దవాఖానలో చాలా రోజులు ఉంచుకుని, కట్టు విప్పి ఇంటికి పంపేసరికి బొటనవేలూ చూపుడువేలూ కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. రోజూ రబ్బరు బంతి పిసకమన్నారు. కొన్నాళ్లకు కొత్తగూడెంలో డాక్టర్ల బోర్డు చూస్తుందనీ, పిడికిలి బిగిస్తేనే మళ్లీ పని ఉంటుందనీ చెప్పారు.

బాపు బంతిని పట్టుకునేవాడు, పిసికేవాడు కాదు. నేను తన వేళ్ల వంక చూస్తున్నానని తెలిస్తే తువ్వాల కింద దాచుకునేవాడు. ఎడమచేత్తో అన్నం తినలేక అవ్వ కలిపి పెడుతుంటే ముఖం తిప్పేసుకునేవాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి రోజంతా తడక వైపు చూస్తూ కూర్చోవడం మా అందరికీ భయంగా ఉండేది. ఒక మధ్యాహ్నం, వడగాలికి పిల్లలెవరూ రాలేదు, నేనొక్కదాన్నే ఆడుతుంటే విమానం కొండకు గుద్దుకుంది.

"గా మీటనెందుకు ఇడిసినవు?" అన్నాడు బాపు వెనక నుంచి.

"వేలు నొస్తుంది బాపు."

"నొస్తె నొయ్యనియ్యి. ఇటు తే."

మీటల పెట్టె ఒళ్లో పెట్టుకుని, బిగుసుకుపోయిన బొటనవేలిని ఎడమచేత్తో పట్టి మీట మీద ఆనించుకున్నాడు. విమానం లేవనేలేదు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ పడిపోయింది. నుదుటి నుంచి చెమట కారి గడ్డం కింద చుక్కలు కడుతున్నా, నొప్పికి పళ్లు బిగించిన చప్పుడు నాకు వినిపిస్తున్నా, పెట్టె మాత్రం వదల్లేదు. ఆ రోజు నుంచి అదే డ్యూటీ అయింది. పొద్దున అంబలి తాగి కూర్చుంటే మళ్లీ అన్నానికే లేచేవాడు. చూడవచ్చిన వాళ్లు "గిదేంది రాజయ్యా, పోరగాండ్ల ఆట" అని నవ్వితే, తలెత్తకుండానే "జరుగు కాకా, టీవీకి అడ్డమొస్తున్నవ్" అనేవాడు. వానలు మొదలయ్యేనాటికి బొటనవేలు దానంతటదే మీట మీదికి పోతోంది. విమానం ఒక్కో కొండా దాటుతోంది.

అవ్వకు మాత్రం ఇదేదీ నచ్చలేదు. చెయ్యి బాగుపడితే మళ్లీ గనిలోకి దిగుతాడు, దిగకుండా ఉంటే చాలని ఆమె కోరిక. ఆ మాట బయటికి అనలేక, "కరెంటు కాల్తుంది, కండ్లు పోతయి" అని ఏదో ఒకటి గొణిగేది.

ఆ రోజుల్లోనే బాపు, "ఇది అయిపోతె ఇంకోటి తెప్పిద్దాం మీ మామతోని," అన్నాడు. కానీ అంతకుముందే ఒక సంచిక చివరి పేజీల్లో మా యంత్రం బొమ్మ చూసి, నేనూ మేరీ కూడబలుక్కుని చదివాం. కొనేవాళ్లు లేక దాని తయారీ ఆపేశారట, కొత్త ఆటలు ఇక రావట. కొన్నవాళ్లు కోపంగా రాసిన ఉత్తరాలు కూడా వేశారు. మా ఇంటికి వచ్చేనాటికే దాని కథ ముగిసిపోయింది. దాచలేక బాపుకు చదివి వినిపించాను.

ఆయన కాసేపు ఆ బొమ్మ వంక చూశాడు. "ఆల్లు బంద్ పెట్టిండ్రు. మన ఇంట్ల నడుస్తున్నది గద," అని మళ్లీ మీట నొక్కాడు.

ఆఖరి కొండల దగ్గర ఆట ఆగిపోయింది. ఎంత ఆడినా విమానం ఒకేచోట కూలేది. ఇంకో సంచికలో ఆ కొండల పటం దొరికింది. కానీ చేతులు రెండూ మీటల మీద, కళ్లు టీవీ మీద ఉంటే పటం చూసేదెట్లా? నేనూ మేరీ చెబుతామని కూర్చుంటే ఇద్దరం ఒకేసారి అరిచి గందరగోళం చేశాం. వంటింటి గడపలో మక్క కంకులు ఒలుస్తున్న అవ్వ చాలాసేపు చూసి, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి పుస్తకం మా నుంచి లాక్కుంది. చదువు రాదు గానీ బొమ్మ తెలుస్తుంది కదా. పటం మీద వేలు పెట్టుకుని ఆయన పక్కన కూర్చుంది.

"ఎడమకు పో. ఇంకా ఎడమకు. ఆగు, కొండ ముక్కు ఉన్నది. ఇప్పుడు..." అని ఆగింది. పటంలో దారి కొండ కిందుగా, సొరంగంలోకి పోతోంది. బాపు ఆమె మాట కోసమే కాచుకుని ఉన్నాడు.

"దిగు," అంది అవ్వ. "పయిలంగ దిగు."

విమానం సొరంగంలోంచి అవతలికి వచ్చింది. టీవీ నిండా చుక్కలు మెరిశాయి, ఏదో పాట మోగింది, ఇంగ్లీషులో అభినందనలు కనిపించాయి. మేరీ, నేనూ గెంతులేశాం. బాపు పెట్టె పక్కన పెట్టి, కుడిచెయ్యి చాపి, అవ్వ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. "అబ్బ, ఇడువు, నొస్తుంది," అంటూనే ఆమె ఏడ్చింది. అవ్వ ఏడవడం నేను చూసింది అప్పుడే.

బోర్డు బాపును పనికి తీసుకుంది. గని లోపలికి కాదు, పైన ల్యాంపు రూములోకి. దిగేవాళ్లకు టోపీ దీపాలు అందించి, ఎక్కి వచ్చినవాళ్ల నుంచి తీసుకునే పని. కొత్తగూడెం నుంచి వచ్చి, గడప మీద కూర్చుని, "దిగనియ్యరట," అన్నాడు. అవ్వ సంతోషాన్ని దాచుకుంటూ లోపలికి పోయింది. దీపాలు పెట్టే వేళదాకా ఆయన అక్కడే కూర్చుని, చివరికి నన్ను పిలిచాడు.

"బిడ్డా, నా గని బూట్లు తుడిచి పెట్టు."

"ల్యాంపు రూముకు బూట్లెందుకు బాపు?"

"డ్యూటీకి పోతున్న. బూట్లేసుకునే పోత."

రిటైరయ్యేదాకా అట్లాగే పోయాడు.

యంత్రం ఆ చలికాలమే పోయింది. కరెంటు ఎక్కువై ఏదో కాలిన వాసన వచ్చింది. బజారులో రేడియోలు బాగుచేసే ఆయన విప్పి చూసి, ఇందులోని సామాను ఎక్కడా దొరకదని తిరిగి ఇచ్చేశాడు. పత్రికలను చెదలు తిన్నాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే పోతూ వచ్చాయి. మా వరుస క్వార్టర్లు కూలగొట్టారు. బాపు దిగిన గని మూసేశారు. ఆ బజారులో ఇప్పుడు రేడియో దుకాణమే లేదు. పొద్దుటి పొగా లేదు, బొగ్గు పొయ్యిలూ లేవు. అవ్వ పోయి కూడా కొన్నేళ్లయింది.

పటాలు వచ్చిన రోజు సాయంత్రం, ఫోన్‌లో ఆ యంత్రం పేరు వెతికాను. ఎవరో పాత సామాను సేకరించే మనిషి దాని ఫొటో పెట్టాడు. కింద మూడే ముక్కలు: అమ్ముడుపోలేదు, త్వరగా ఆపేశారు, గుర్తుంచుకోదగ్గ ఆటలు లేవు. ఫొటో బాపుకు చూపించి, తెలుగులో చెప్పాను. ఆయన అద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"గంతేనా రాసింది?"

"గంతే బాపు."

"అయితె నువ్వు రాయి," అన్నాడు. "జల్ది రాయి, నేనున్నప్పుడే."