చల్లారని కట్టు

ఇది ఎవరి దగ్గరో విని చెబుతున్నది కాదు. నాకే జరిగింది. ఆ రాత్రి నేను తాగలేదు. జ్వరం లేదు. నిద్రమత్తులోనూ లేను. నవ్వాలనిపిస్తే నవ్వుకోండి, మీరు నవ్వాక కూడా నేను ఇదే చెబుతాను.

నా పని మీకు తెలుసు కదా... డైనోసార్ ఎముకలు తవ్వి తీయడం, శుభ్రం చేయడం, విరిగినవి అతికించి భద్రం చేయడం. పదిహేనేళ్ళుగా అదే. మ్యూజియం వెనక గదిలో పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా పలకరించేవాళ్ళు ఉండరు. ఇంటికి వెళ్తే అక్కడా ఉండరు. నా భార్య సుజాత పోయి మూడేళ్ళయింది. ఒంటరితనం అలవాటైపోతుందని అందరూ అంటారు గానీ... నాకు కాలేదు.

మొన్న ఇప్పపూలు రాలే రోజుల్లో మా మ్యూజియం వాళ్ళం చర్ల ఊరి అవతల ఒక వాగు ఒడ్డుకు వెళ్ళాం. గట్టు విరిగిపడి అక్కడ పెద్ద ఎముక ఒకటి బయటపడింది. పోడు చేనుకు వెళ్తూ దాన్ని మొదట చూసింది అక్కడి గూడెం ముసలాయన. ఆయన్ని మేమంతా పెద్దయ్యా అనే పిలిచేవాళ్ళం. తొడ ఎముక అది. దాదాపు నా అంత పొడవు. ఎప్పుడో రాయిగా మారిపోయింది గానీ ఒళ్ళంతా పగుళ్ళు. వేలు తగిలితే పొడి రాలుతోంది.

అలాంటిదాన్ని ఉన్నపాటున ఎత్తకూడదు. చుట్టూ మట్టి తీసి, ముందు ఎముక మీద తడి కాగితం పొరలుగా పరచాలి. ఆ పైన గోనె పేలికల్ని ప్లాస్టర్‌లో ముంచి చుట్టాలి. చెయ్యి విరిగితే దవాఖానాలో వేస్తారు చూడండి, అచ్చం అలాంటి కట్టే. రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు తిప్పి ఎత్తాలి. మధ్యలో కాగితం ఎందుకంటే, అది లేకపోతే ప్లాస్టర్ నేరుగా ఎముకను పట్టేస్తుంది. తర్వాత కట్టు కోసినప్పుడు ఎముక పైపొర దాంతోపాటే ఊడి వచ్చేస్తుంది. ఈ పనిలో చేరిన మొదటి రోజు నేర్పే సంగతి ఇది.

ఆ సాయంత్రం నేను దాన్నే మరచిపోయాను.

ఉత్తరాన మబ్బు కమ్మింది. ఛత్తీస్‌గఢ్ వైపు ఒకటే ఉరుములు. అక్కడ వాన పడితే ఈ వాగుకు నీళ్ళు రావడానికి ఎంతోసేపు పట్టదు. ఆఖరి బకెట్ ప్లాస్టర్ అప్పటికే కలిపేశాం, అది చిక్కబడిపోతోంది. ఆ కంగారులో మోకాలి వైపు కొసకు కాగితం వేయకుండానే గోనె చుట్టేశాను. ఎవరూ చూడలేదు. నేను కూడా గమనించుకోలేదు.

అయిదయ్యేసరికి పని ముగిసింది. టార్పాలిన్ కప్పి, అందరం చర్ల వెళ్ళిపోయి పొద్దున్నే రావాలని తవ్వకం పెత్తనం చూసే మా మేడం చెప్పారు. జీపు ఎక్కబోతున్నాను. పెద్దయ్య ఆ తెల్లటి మూట వంకే చూస్తూ నిలబడ్డాడు.

"గిట్ల ఒక్కదాన్నే ఇడిసిపెట్టి పోతరా సారూ?" అన్నాడు మెల్లగా. "మా ఇంట్లయితే, సచ్చినోళ్ళను చుట్టి పండబెట్టినంక తెల్లారేదాక ఎవరో ఒకరు పక్కన కూసుంటరు."

ఇది మనిషి కాదు పెద్దయ్యా అని నవ్వబోయాను. దవాఖానా రాత్రి గుర్తొచ్చింది. సుజాతను చేర్చిన వార్డులో రాత్రి మగవాళ్ళను ఉండనివ్వలేదు. నేను ఇంటికి వచ్చి పడుకున్నాను... పడుకోవడం కాదు, హాయిగా నిద్రపోయాను. పొద్దున్నే వెళ్ళి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ఎప్పుడు చల్లబడిందో చెప్పేవాళ్ళు కూడా లేరు.

వాగు పొంగితే ఎముకకు ఎవరు కాపలా అని వంక పెట్టి నేను అక్కడే ఉండిపోయాను. మేడం ఒప్పుకోలేదు, కోప్పడ్డారు, చివరికి విసిగి వెళ్ళిపోయారు. పెద్దయ్య ఇల్లు అక్కడికి కేక దూరం. నాకింత జొన్న గటక తెచ్చిపెట్టి, ఏదన్నా అయితే పిలవమని చెప్పి ఆయనా వెళ్ళాడు. జీపు చప్పుడు చాలాసేపు వినబడింది. తర్వాత అదీ లేదు.

ఫోన్‌కు సిగ్నల్ లేదు. తలకు కట్టుకున్న లైటు, కొంచెం గాలి, అంతే. ఎక్కడో ఇప్పపూలు రాలుతున్నాయి... టప్... కాసేపటికి మళ్ళీ... టప్. వాగులో నీళ్ళు పెరగలేదు. అప్పుడప్పుడూ లేచి చూసి వచ్చి కూర్చుంటున్నాను.

ఒంటిగంట దాటింది. చలేస్తే దుప్పటి కోసం సంచీలో చెయ్యి పెట్టాను. కాగితాల కట్ట తగిలింది. సగం కట్ట అలాగే ఉంది... అంత మిగలకూడదు. లెక్క ప్రకారం రెండు మూడు కాగితాల కంటే మిగలకూడదు.

మోకాలి కొస గుర్తొచ్చింది.

నా చేతులతో నేనే దాన్ని పాడుచేశాను. ప్లాస్టర్ బిగుసుకున్నా లోపల ఇంకా తడి ఉంటుంది, ఇప్పుడే ఆ కొస మేరకు తీసేస్తే ఎముక దక్కుతుంది. తెల్లారితే పూర్తిగా ఆరిపోతుంది. ఉలి తీసుకున్నాను. టార్పాలిన్ తప్పించాను. ఎంత తడిగా ఉందో చూద్దామని అరచెయ్యి ఆనించాను.

వెచ్చగా ఉంది.

చెయ్యి తీసేశాను. మళ్ళీ పెట్టాను... వెచ్చగానే ఉంది. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, నిజమే. గంటలో చల్లారిపోతుంది. ఇది వేసి ఎనిమిది గంటలైంది. పగటి ఎండ వేడేమో అనుకున్నాను. పక్కనున్న బండను ముట్టుకున్నాను... చల్లగా ఉంది. కట్టు రెండో కొసను ముట్టుకున్నాను... అదీ చల్లగానే ఉంది. మధ్యలో... చల్లన. ఒక్క మోకాలి కొస. కాగితం లేని చోట. ప్లాస్టర్ నేరుగా ఎముకను తాకుతున్న చోట... అక్కడే వెచ్చన.

ఎండలో వేడెక్కిన ఇనుములాగా కాదు. మనిషి చెయ్యి ఎంత వెచ్చగా ఉంటుందో అంత.

పెద్దయ్యను కేక వేద్దామనుకున్నాను. వచ్చాక ఏం చూపించను? లైటు వెలుగులో చూస్తే ఏమీ లేదు, తెల్లటి గోనె కట్టు, దాని మీద నా వేళ్ళ గుర్తులు. ఆ వెచ్చటి చోట ఉలి దించడం... నా వల్ల కాలేదు. కింద పెట్టేశాను.

అప్పుడు నేనేం చేశానో చెబితే పిచ్చోడంటారు. పరుగెత్తాల్సింది పోయి, ఆ కొసకు వీపు ఆనించి కూర్చున్నాను. భయం లేక కాదు. కానీ మూడేళ్ళ తర్వాత నా వీపుకు ఒక వెచ్చదనం తగిలింది... లేవబుద్ధి కాలేదు.

ఎంతసేపైందో... వీపు వెనక చిన్న కదలిక. చాలా నెమ్మదిగా. కట్టు కొంచెం పైకి లేచినట్టు... ఆగినట్టు... మళ్ళీ కిందికి దిగినట్టు. నేను ఊపిరి బిగబట్టాను, నా ఊపిరేనేమో చూద్దామని. నాది ఆగింది. వెనక... ఆగలేదు.

అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టాను. వార్డు బయటి నుంచి వెళ్ళిపోయినందుకు క్షమించమన్నాను. ఎవరిని అడిగానో నాకే తెలియదు. ఎవరో వింటున్నారనిపించింది.

తెల్లవారుజామున పెద్దయ్య ఇప్పపూలు ఏరడానికి వెళ్తూ నన్ను తట్టి లేపాడు. లేచి ముందు కట్టు మీద చెయ్యి పెట్టాను. చల్లగా, రాయిలా ఉంది. రాత్రి సంగతి అంతా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు, భయపడలేదు. ఆ కొస మీద తనూ చెయ్యి వేసి చాలాసేపు ఉంచాడు.

"ఏంది పెద్దయ్యా అది?" అని అడిగాను.

"నాకేం ఎరుక సారూ," అన్నాడు. "నువ్వైతే దాని పక్కన ఉన్నవు గదా." పూల గంప ఎత్తుకొని వెళ్ళిపోయాడు.

ఎముకతో సహా ఎత్తి తెచ్చిన ఆ కట్టు ఇప్పుడు మ్యూజియంలో నా గదిలో, నా బల్ల పక్కనే ఉంది. కాగితం మరచిపోయిన సంగతి నిన్ననే మేడంకు చెప్పేశాను. తిట్టారు, తిట్టాలి కూడా. సోమవారం కట్టు కోయాలన్నారు. కోసేది నేనే. ఆ కొసలో పైపొర ఊడిపోతుంది, ఎముక అక్కడ పాడవుతుంది, అది నా తప్పు. అందుకు బాధగానే ఉంది.

కానీ నా భయం అది కాదు. కట్టు విప్పితే లోపల ఏం ఉంటుందో నాకు తెలుసు. రాయి. రాయిగా మారిన పాత ఎముక, అంతకంటే ఏమీ ఉండదు... మరి అంతే ఉంటే, ఆ రాత్రి కూడా నా పక్కన ఎవరూ లేనట్టే కదా.