కారు పుచ్చుకున్న తీర్థం

మా కారు వేడెక్కిన ప్రతిసారీ ఊళ్లో అందరి చూపూ నా కాళ్ల మీదికే పోయేది. క్లచ్ మీంచి పాదం తియ్యదనీ, రెండో గేరులోనే లాగుతుందనీ, ఆడవాళ్ల చేతిలో బండి అంటే అంతేననీ అనేవారు. కారులోనే ఏదో లోపం ఉందని నేనంటే, ఆడలేక మద్దెల ఓడు అంటోందని నవ్వేవారు.

మా ఆయన పురోహితులు. కోనసీమలో మా ఊరి చుట్టుపక్కల పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, వ్రతాలు ఆయనవే. సంచీ భుజాన వేసుకుని బస్సుల కోసం నిలబడి నిలబడి నడుం పట్టేస్తుంటే, ఒక పాత కారు కొన్నాం. నేర్చుకోవడానికి ముందు ఆయనే వెళ్లారు. స్టీరింగు పట్టుకుని మంత్రం నెమరువేసుకుంటూ కళ్లు మూసుకునేవారట. నాలుగో రోజున డ్రైవింగ్ నేర్పే అతను ఇంటికొచ్చి, "పంతులుగారికి నేను నేర్పలేనండి" అని దణ్ణం పెట్టి వెళ్లాడు. అలా నలభై రెండేళ్ల వయసులో నేను నేర్చుకున్నాను.

ఆయన్ని ముహూర్తాలకు దింపడం ఒక ఎత్తు, మా అక్క ఒక ఎత్తు. అక్క పిఠాపురంలో ఉంటుంది. దానికి మోకాళ్లు పనిచేయవు, గడప దాటదు. బస్సులు మారి నేను వెళ్లేది ఏడాదికి ఒక్కసారే. కారు వచ్చాక నెలకు రెండుసార్లు ఒక్కదాన్నే వెళ్లి, దాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఉప్పాడ తీసుకెళ్లేదాన్ని. సముద్రం రోడ్డును కొరికేసిన చోటుకి కాస్త ఇవతల ఆపుకుని, కారులోనే కూర్చుని వేయించిన వేరుశనక్కాయలు తింటూ ఇద్దరం చిన్నప్పటి తగవులన్నీ మళ్లీ తగవులాడుకునేవాళ్లం. ఆ సాయంత్రాల కోసం నేను ఎన్ని వంటలైనా చేస్తాను, ఎవరి మాటలైనా పడతాను.

కానీ కారు వేడెక్కడం మొదలైంది. ఊళ్లో మెకానిక్ ఒకసారి ఫ్యాను మార్చాడు, ఒకసారి బెల్టు, ఒకసారి థర్మోస్టాటు. మార్చిన ప్రతిసారీ పది రోజులు బాగుండేది, మళ్లీ మామూలే. బండి ఆగినందుకు నాకంత బాధ లేదు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అంటారే, నా విషయంలో ఆ నవ్వింది నిజంగా నా తోటికోడలే. చివరికి మా మరిది కారు అమ్మేద్దామని ఎవరినో మాట్లాడి, ఆదివారం వచ్చి కారు చూసుకుంటారని చెప్పాడు. నాకూ పంతం వచ్చింది. "ఇంకొక్కసారి వేడెక్కితే నేనే తాళాలిస్తాను" అన్నాను. అన్నాక రాత్రంతా ఎందుకన్నానా అని ఏడ్చాను.

ఆ శుక్రవారమే పిఠాపురంలో అక్క వాళ్ల వీధిలో గృహప్రవేశం. తెల్లవారుజామునే ముహూర్తం అయిపోయింది, భోజనాలు చేసి బయలుదేరాం. వెనకసీటు నిండా కొబ్బరికాయలు, అరటిపళ్లు. మా ఆయన పక్కన కూర్చుని, కలశంలో మిగిలిన నీళ్ల రాగిచెంబు ఒళ్లో పెట్టుకున్నారు. మంత్రించిన నీళ్లు ఎవరూ తొక్కే చోట పొయ్యకూడదు, అందుకని ఇంటికి తెచ్చి తులసికోటలో పోస్తారని నాకు తెలుసు.

కాకినాడ దాటాక ఇంజను వేడి చూపించే ముల్లు పైకి లేవడం మొదలైంది. ఏసీ ఆపేసి, హీటర్ పూర్తిగా తిప్పాను. ఇంజను వేడి కొంత ఇటు లాగేస్తుందని ఎక్కడో విన్నాను. మండుటెండలో హీటరు! పట్టుపంచె కట్టుకున్న మనిషి చెమటతో తడిసిపోయారు. అయినా చెంబు మాత్రం గట్టిగా పట్టుకున్నారు. యానాం ఇంకా రాకుండానే బానెట్టు సందుల్లోంచి ఆవిరి వచ్చింది. రోడ్డు పక్కన మెకానిక్ రేకుల షెడ్డు ఒకటి కనబడితే అక్కడ ఆపి, తల స్టీరింగుకి ఆనించాను.

షెడ్డులో కళ్లజోడు పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ట్రాక్టరు కింద నుంచి లేచి వచ్చాడు. అప్పటికే మా ఆయన బానెట్టు ఎత్తి రేడియేటరు మూత మీద చెయ్యి వెయ్యబోతున్నారు.

"పంతులుగారూ! మూత ముట్టుకోకండి, మొహం ఉడికిపోద్దండి!" అని అరిచాడాయన.

చల్లారేదాకా ముగ్గురం బల్ల మీద కూర్చున్నాం.

"అమ్మగారూ, నడిపేది మీరేనాండి?"

ఇదిగో, మొదలైందనుకున్నాను. "నేనే. అయితే ఏంటి?" అన్నాను.

"ఏం లేదండి. నడిపేవాళ్లకే తెలుస్తాది కదండి. ఆగి ఉన్నప్పుడు వేడెక్కుద్దా, పోతున్నప్పుడా?"

రెండేళ్లలో నన్ను ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన. మిగతా అందరూ జవాబులే చెప్పారు. పోతున్నప్పుడేనని, దూరం పోయేకొద్దీ ఎక్కువవుతుందని చెప్పాను. "అయితే ఫ్యాను కాదండి" అన్నాడు. ఆయిలు పుల్ల లాగి చూసి, ఆయిల్లో నీళ్లు కలవలేదు, ఇంజను బాగానే ఉందన్నాడు. నీళ్లు నింపి కాసేపు ఇంజను నడిపించి, రేడియేటరు మీద చెయ్యి పెట్టి చూసి, నన్నూ పెట్టి చూడమన్నాడు. పైన చెయ్యి పెట్టలేనంత వేడి. కింద చల్లగా ఉంది.

"నీళ్లు కిందకి దిగట్లేదండి. లోపల ఏదో అడ్డం పడిపోయింది. మీ నడపడంలో ఏం తప్పు లేదమ్మగారూ."

ఆ మాటకి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకున్నాను.

రేడియేటరు విప్పి, తలకిందులు చేసి, గొట్టంతో నీళ్లు కొట్టాడు. ముందు తుప్పునీళ్లు వచ్చాయి. తరవాత చిక్కగా పసుపు ముద్ద. ఆ వెనకే ఉబ్బిన బియ్యపు గింజలు, గుప్పెడు పైనే. ఒక మామిడాకు ముక్క కూడా ఉంది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, ఆ గింజల్ని అరచేతిలో వేసుకుని చూశాడు.

"పంతులుగారూ, ఇందులో పులిహోర గానీ కలిపారాండీ?"

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన చేతిలో చెంబుకేసి చూసుకుంటున్నారు.

"తీర్థం" అన్నారు మెల్లిగా. "నోటితో కదా పుచ్చుకునేది. దానికి నోరు అదే అనుకున్నాను."

"అక్షతలతో సహానా?"

"వడగట్టకూడదే."

షెడ్డు అని చూడలేదు, పరాయి మనిషి ఉన్నాడని చూడలేదు, దులిపేశాను. ఊరంతా నన్నంటుంటే నోట్లో బెల్లంముక్క పెట్టుకుని కూర్చున్నారేమని అడిగాను. ప్రతిరోజూ పోశారా అని అడిగాను.

"రోజూ కాదే. నువ్వు ఒక్కదానివీ పిఠాపురం వెళ్లే రోజున. నువ్వు లేవకముందే పోసేవాణ్ణి. అన్నీ లారీలు. పక్కన నేనుండను. ఉన్నా చేసేదేముంది, బ్రేకెక్కడుందో కూడా తెలీదు. నాకు చేతనైంది అదొక్కటే. దానివల్లే వేడెక్కుతోందని నాకేం తెలుసు?"

ఇంకా చాలా అందామనుకున్నదాన్ని, ఆయన మొహం మీది చెమట నా కొంగుతో తుడిచాను. మెకానిక్ మళ్లీ నీళ్లగొట్టం పట్టుకుని అటు తిరిగాడు. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, బిగించి, కూలెంటు పోశాడు. ఇందులో ఇక ఇది తప్ప గంగాజలం కూడా పొయ్యకూడదని మా ఆయనకి మరీ మరీ చెప్పాడు. ఆయన బుద్ధిగా తలూపారు. చెంబులో నీళ్లు ఆ షెడ్డు వెనక కొబ్బరిమొక్క మొదట్లో పోశారు. ఇంటిదాకా ముల్లు సగం దాటలేదు.

ఆదివారం మా మరిది కారు కొనేవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. తోటికోడలూ వచ్చింది. వాళ్లకి నేనేం చెప్పాలా అని తడుముకుంటుండగానే మా ఆయన అరుగు మీదికి వచ్చి నిలబడ్డారు.

"కారు అమ్మట్లేదండి. ఇన్నాళ్లూ వేడెక్కించింది నేను. ఆవిడ చక్కగానే నడుపుతోంది" అని, వీధిలో వాళ్లకి కూడా వినబడేలా, మంత్రం చెప్పే గొంతుతో చెప్పారు. పులిహోర సంగతి కూడా ఆయనే చెప్పారు. అందరూ నవ్వారు. ఈసారి ఆ నవ్వు ఆయన మీద. ఆయన దాన్ని నిలబడి పుచ్చుకున్నారు.

కలశం నీళ్లు ఇప్పటికీ వస్తున్నాయి. నేను పిఠాపురం బయలుదేరే రోజున తాళం తిప్పబోతుంటే, ఆయన కిటికీలోంచి చెయ్యి పెట్టి నా నెత్తిన చల్లుతారు. చీర తడుస్తుందని విసుక్కుంటాను కానీ తల పక్కకి తియ్యను.

మొన్న ఉప్పాడలో కిటికీలు దించుకుని కూర్చున్నాం. మాట మధ్యలో అక్క నా జుట్టులోంచి పసుపు బియ్యపుగింజ ఒకటి తీసి, "మీ ఆయనకి ఇంకా భయం పోలేదేమే?" అంది.

"పోనక్కర్లేదులే" అని, ఆ గింజ దాని చేతిలోంచి తీసుకుని కొంగున ముడేసుకున్నాను.