ఆ పెదవులు ఏమన్నాయో

నా చిన్నప్పుడు ఫిల్మ్ నగర్‌లో ఇళ్ళకంటే బండలే ఎక్కువ. సినిమావాళ్ళు మద్రాసు వదిలి ఒక్కొక్కరే హైదరాబాదు చేరుకుంటున్న రోజులవి. మా నాన్న సౌండ్ ఇంజనీరు. అమ్మ పోయిన ఏడాదికి మేమూ మద్రాసులో ఇల్లు ఖాళీ చేసి వచ్చేశాం. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆడుకుందామంటే చుట్టుపక్కల పిల్లలు లేరు. నేను లేవకముందే నాన్న స్టూడియోకి వెళ్ళిపోయేవాడు, పడుకున్నాక వచ్చేవాడు. పొద్దున్నే దండెం మీద తడి తువ్వాలు కనిపిస్తే, ఓహో, నాన్న ఇంటికి వచ్చి వెళ్ళాడన్నమాట అనుకునేదాన్ని. తువ్వాలుతో ఎంతసేపని మాట్లాడతాం!

నాకు అన్నం పెట్టేది పక్కింటి అక్క. ఆమెది వరంగల్ వైపు. తెలుగు రాని కథానాయికలకు గొంతు ఇవ్వడం ఆమె పని. ఇంట్లో ఉన్నంతసేపూ "గిట్ల రా, గిది తిను" అనే మనిషి, మైకు ముందు నిలబడితే కృష్ణా జిల్లా ఆడపడుచు అయిపోయేది. అప్పట్లో తెర మీద ఆ మాటే చెల్లేది మరి. ఆ సంగతి తలచుకుని తనే నవ్వుకునేది.

ఆ వేసవి సెలవుల్లో నాన్న పనిచేస్తున్న సినిమాకి ఒక పాప గొంతు కావలసి వచ్చింది. నటించింది బొంబాయి పిల్ల. షూటింగ్ అయిపోయి ఎప్పుడో వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. పక్కింటి అక్క నా పేరు చెప్పింది. కుదిరితే ఆ సినిమా అయ్యేదాకా రోజూ నాన్నతో స్టూడియోకి వెళ్ళవచ్చు, ఒకే కారేజీలో తినవచ్చు. కుదరకపోతే మద్రాసు నుంచి వేరే పిల్లని పిలిపిస్తారు. నాకు సినిమా అక్కర్లేదు, పేరు అక్కర్లేదు. నాన్న కావాలి, అంతే.

మొదటిరోజు తెల్లవారకముందే లేచి కూర్చున్నాను. డబ్బింగ్ గదిలో చీకటి, ఎదురుగా తెర, అద్దానికి అవతల మీటల ముందు నాన్న. సినిమాను చిన్న చిన్న ముక్కలు చేసి, ముక్క మొదలూ చివరా కలిపి తిప్పేవారు. ఒకే దృశ్యం మళ్ళీ మళ్ళీ వస్తూ ఉంటుంది, పెదవులు చూసుకుంటూ మాట చెప్పాలి. మా ముక్కలో తండ్రి కారెక్కి ఊరెళుతుంటే పాప గేటు పట్టుకుని ఏడుస్తుంది. నేను చెప్పాల్సింది ఒక్కటే మాట: "నాన్నా, ఎప్పుడొస్తావు?"

హెడ్‌ఫోన్‌లో ఆ పిల్ల అసలు గొంతు వినిపించింది. ఏక్, దో, తీన్, చార్. మాటలు రావు కనుక పెదవులు కదిలితే చాలని అంకెలు చదవమన్నారట. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని ఎక్కాల పరీక్షలో లాగా అంకెలు! నాకు నవ్వు ఆగలేదు. ఒకసారి కాదు, నాలుగుసార్లు పగలబడి నవ్వాను. దర్శకుడికి ఒళ్ళు మండింది.

నవ్వు ఆపుకున్నాక అసలు చిక్కు వచ్చిపడింది. నా మాట అయిపోతోంది, హెడ్‌ఫోన్‌లో అంకెలూ అయిపోతున్నాయి, ఆ పిల్ల పెదవులు మాత్రం శబ్దం లేకుండా ఇంకా కదులుతున్నాయి. సాగదీయమంటే సాగదీశాను, నాకే ఏవగింపు పుట్టింది. అలా ఎన్నిసార్లో! చివరికి దర్శకుడు, "ఈ అమ్మాయి వల్ల కాదండీ, మద్రాసు ఫోన్ చెయ్యండి" అన్నాడు. నాన్న నావైపు చూడలేదు. రేపటి నుంచి మళ్ళీ తడి తువ్వాలే అనుకున్నాను.

అప్పుడు, పక్క గదిలో తన డబ్బింగ్ ముగించుకున్న అక్క లోపలికి వచ్చింది. "జర సౌండ్ బంద్ చెయ్యుండ్రి అన్నా" అని నాన్నకి చెప్పి, నా హెడ్‌ఫోన్ తీసేసి, పక్కనే నేల మీద కూర్చుంది. "నోరు మూసుకొని గా పిల్లను జూడు. ఊరు గాదు, భాష రాదు, అంకెలు జదువుకుంటనే గట్ల ఏడ్చింది. నీకు నవ్వెట్ల వస్తుంది?"

చూశాను. అంకెలు వినపడకపోయేసరికి ముఖం కనపడింది. గేటు ఊచలు పట్టుకున్న వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. కారు వెళ్ళాక ఆ పిల్ల కెమెరా అవతల ఎవరికోసమో ఒక్కసారి పక్కకు చూసింది. నా మాటకు మించి పెదవులు కదిలింది అప్పుడే. ఆమె నాలాంటిదే అనిపించింది. నవ్వినందుకు సిగ్గేసింది.

"గాడ నువ్వుంటే ఏమంటవు?" అని అడిగి అక్క బయటికి వెళ్ళిపోయింది.

ముక్క మళ్ళీ తిరిగింది. "నాన్నా, ఎప్పుడొస్తావు?" అన్నాను. ఆ పిల్ల పక్కకు చూడగానే నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది: "నేను పడుకోకముందే రా."

నాన్న తల వంచుకుని మీటలు సరిచేస్తున్నాడు. చాలాసేపు సరిచేశాడు. కాసేపటికి దర్శకుడి గొంతు, "ఉంచండి" అంది.

ఆ వేసవంతా నాన్నతోనే తిరిగాను. బడి తెరిచాక మళ్ళీ మామూలే, పని పనే కదా. కానీ ఆ తర్వాత ఎంత ఆలస్యమైనా నాన్న నన్ను లేపి, "వచ్చానమ్మా" అని చెప్పాకే పడుకునేవాడు.

ఇప్పుడు నాన్నా లేడు, అక్కా లేదు. నా జుట్టు నెరిసింది. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని విదేశీ సీరియళ్ళకు తెలుగు మాటలు సరిచూస్తుంటాను. కంప్యూటర్ తెర మీద గళ్ళు గళ్ళుగా మనుషులు. కథ రాసిన అమ్మాయి కొరియాలో, శబ్దం చూసే ఆయన స్పెయిన్‌లో, మా డబ్బింగ్‌వాళ్ళు బంజారా హిల్స్‌లో. ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుతుంటే తెర కింద తెలుగు అనువాదం పరిగెడుతుంది. సమావేశం అయిపోగానే అందరూ ఒకేసారి మాయమవుతారు. ఆ తర్వాత ఇల్లు మరీ పెద్దదనిపిస్తుంది.

మొన్న ఒక తల్లి కూతురిని సాగనంపే దృశ్యం వచ్చింది. తల్లి పెదవులు కదిలాయి, మాట లేదు. మావాళ్ళు అక్కడ "జాగ్రత్తమ్మా" అని పెట్టారు. చక్కగా అతికింది. నేను ఆగమని, కొరియా అమ్మాయిని అడిగాను, అక్కడ ఆవిడ ఏమంటోందమ్మా అని. తన తల్లి ఆస్పత్రిలో చివరిసారి ఏదో అనబోయిందట, తనకు వినపడలేదట. అందుకే ఏమీ రాయలేదంది. అనువాదం కిందికి వచ్చేలోపే ఆమె ముఖం చెప్పేసింది. ఆ చోటు ఖాళీగానే ఉంచాం.

ఆ బొంబాయి పిల్లను మాత్రం ఎవరూ అలా అడగలేదు. అంకెలు అయిపోయాక ఆమె నిజంగా ఏమన్నదో, ఎవరిని వెతుక్కుందో నాకు ఈనాటికీ తెలియదు. ఆమె మాట తుడిచేసి నా మాట పెట్టి, మా నాన్నను ఇంటికి తెచ్చుకున్నాను. అందుకే, ఎవరి నోట ఏ మాట పెట్టాల్సి వచ్చినా, ముందు వాళ్ళనే అడుగుతాను.